స్టేట్ రెప్ పంపిన సెషన్ రిపోర్టులో మనకు పనికొచ్చేది ఎక్కడుంటుంది?

ప్రశ్న క్లుప్తంగా: టెక్సాస్‌లో సెలీనా దగ్గర కొత్త ఇల్లు బుక్ చేశాం. నేను హెచ్‌1బి మీద ఉన్నాను. మా ఏరియా స్టేట్ రెప్రజెంటేటివ్ ఆఫీసు నుంచి సెషన్ రిపోర్టు అని పెద్ద ఈమెయిల్ వచ్చింది. ప్రాపర్టీ ట్యాక్స్ తగ్గించామని, చాలా బిల్లులు పాస్ చేయించామని ఉంది. మధ్యలో ఏవో స్థానిక బిల్లులు, చివర్లో కరెంటు బిల్లుకు సాయం, ఆఫీసు సేవలు. ఓటు లేని నాకు ఇందులో పనికొచ్చేది ఏమైనా ఉందా, అంతా ప్రచారమేనా?

సమాధానం:

రెండూ ఉంటాయండి. చిక్కేమిటంటే, పెద్ద అక్షరాలతో ఫొటోలు పెట్టి చెప్పింది మీకు టీవీలోనో వాట్సాప్‌లోనో ఎలాగూ తెలిసిపోతుంది. మీ జేబు మీద పాతికేళ్ళు, ముప్పై ఏళ్ళు పడే సంగతి మాత్రం ఆ స్థానిక బిల్లుల కింద ఒకే ఒక్క లైన్లో ఉంటుంది. నేను మా కమ్యూనిటీ మడ్ (నీళ్ళు, డ్రైనేజీ చూసే స్థానిక సంస్థ, వివరం కింద చెప్తాను) బోర్డులో ఒక టర్మ్ డైరెక్టరుగా చేశాను కాబట్టి ఆ లైను దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. మిగతావి గబగబా చెప్పేస్తాను.

ముందు ఈ ఉత్తరం పంపినాయన ఎవరో చూద్దాం. మనవాళ్ళు స్టేట్ రెప్ అంటే మన ఎమ్మెల్యే లాంటివారే అనుకుంటారు. హోదా అదే, పని వేరు. మన ఊళ్ళో ఎమ్మెల్యే దగ్గరికి పింఛను కోసం, బదిలీ కోసం, సీఎం రిలీఫ్ ఫండ్ చెక్కు కోసం వెళ్తాం. అసెంబ్లీలో బిల్లు పెట్టేది మాత్రం దాదాపు ఎప్పుడూ మంత్రులే. టెక్సాస్‌లో గవర్నరు కూడా సొంతంగా బిల్లు పెట్టలేడు. ప్రతి బిల్లూ ఎవరో ఒక సభ్యుడి పేరు మీదే రావాలి. నియోజకవర్గ అభివృద్ధి నిధి లాంటిది స్టేట్ రెప్ చేతిలో ఉండదు. జీతం నెలకు 600 డాలర్లు, ఏడాదికి 7,200. సెషన్ రోజులకు బత్తా వేరే. ఎవరికైనా సొంత ఉద్యోగమో వ్యాపారమో ఉండి తీరాల్సిందే. సభ రెండేళ్ళకోసారి, బేసి సంవత్సరం జనవరిలో మొదలై 140 రోజులు నడుస్తుంది. 89వ సెషన్ 2025 జనవరి 14 నుంచి జూన్ 2 దాకా జరిగింది. గవర్నరు ప్రత్యేక సెషన్ పిలిస్తే తప్ప మళ్ళీ 2027 జనవరి దాకా సెషన్ లేదు. రెండేళ్ళ పనంతా ఒక్క ఈమెయిల్లో కుక్కడం అందుకే.

ఇక బిల్లుల జాబితా. 2025లో రెండు సభల్లో (హౌస్, సెనేట్) కలిపి 8,000కు పైగా బిల్లులు పెట్టారు, పాసైనవి 1,200 పైచిలుకు. కాబట్టి "ఫైల్ చేశాను" అన్న మాటకు పెద్ద విలువ లేదు, అది ఎవరైనా చేయొచ్చు. "కో-ఆథర్" అన్నదీ అంతే. వేరొకరి బిల్లుకు తర్వాత వెళ్ళి పేరు కలుపుకున్నా కో-ఆథరే. "ఆథర్" అంటే సొంత బిల్లు. "స్పాన్సర్" అంటే అవతలి సభ నుంచి వచ్చిన బిల్లును ఈ సభలో నడిపించిన మనిషి, దాంట్లో నిజంగా పని ఉంటుంది. కమిటీ దాటింది, హౌస్ దాటింది అని గొప్పగా రాసి అక్కడితో ఆగిపోతే ఆ బిల్లు చచ్చిందని అర్థం. సెషన్ ముగిసిన రోజుతో మిగిలిపోయిన బిల్లులన్నీ రద్దు. వచ్చేసారి కొత్త నంబరుతో మళ్ళీ మొదటి నుంచే. నంబర్లు ప్రతి సెషన్‌కూ ఒకటి నుంచి మొదలవుతాయి కాబట్టి హెచ్‌బీ 9 (హౌస్ బిల్లు 9) అంటే ఏ సెషన్‌ది అని కూడా చూడాలి. టెక్సాస్ లెజిస్లేచర్ ఆన్‌లైన్ అనే ప్రభుత్వ సైట్‌లో సెషన్ ఎంచుకుని నంబరు కొడితే మొత్తం చరిత్ర, ఎవరు వచ్చి అనుకూలంగా మాట్లాడారు, ఎవరు వద్దన్నారు, ఎప్పటి నుంచి అమలు అన్నీ కనిపిస్తాయి. నేనైతే ఈమెయిల్లో విశేషణాలు వదిలేసి నంబర్లు మాత్రం రాసుకుంటాను.

పెద్ద హెడ్డింగు సంగతి: ప్రాపర్టీ ట్యాక్స్. ఇది నిజమే. ఎస్‌బీ 4 (సెనేట్ బిల్లు 4) ద్వారా హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్, అంటే సొంతంగా కాపురం ఉండే ఇంటి విలువలో పన్ను వేయకుండా వదిలే భాగం, 1,00,000 డాలర్ల నుంచి 1,40,000కు పెరిగింది. ఎస్‌బీ 23 ద్వారా 65 ఏళ్ళు దాటినవాళ్ళకు, వైకల్యం ఉన్నవాళ్ళకు మొత్తం 2,00,000 అయింది. కానీ "మేం తగ్గించాం" అన్నది సగం మాటే. వీటికి రాజ్యాంగ సవరణ కావాలి, సభ పాస్ చేసినా ప్రజలు ఓటేయాలి. 2025 నవంబరు 4న ఓటేసి ఆమోదించారు, ఆ ఏడాది పన్నుకే వర్తించింది.

ఇక్కడ చాలామంది చూడని షరతు ఒకటి ఉంది. ఈ 1,40,000 మినహాయింపు స్కూల్ డిస్ట్రిక్ట్ పన్నుకు మాత్రమే. మీ ట్యాక్స్ బిల్లులో కౌంటీ, కాలేజీ, సిటీ లేదా మడ్ వేర్వేరు లైన్లుగా ఉంటాయి. వాటికి ఇది తగలదు. అవి సొంతంగా ఏమైనా మినహాయింపు ఇస్తే ఇస్తాయి, లేకపోతే లేదు. స్కూలు రేటు 100 డాలర్లకు సుమారు ఒక డాలరు అనుకుందాం. పెరిగిన 40,000 వల్ల మీకు మిగిలేది ఏడాదికి 400 డాలర్లు. మంచిదే. ఈ 400 గుర్తుపెట్టుకోండి, కింద దీనితో పని ఉంది.

హోమ్‌స్టెడ్‌కు సిటిజన్ అయి ఉండక్కర్లేదు, హెచ్‌1బి వాళ్ళకూ వస్తుంది. ఆ ఇల్లు మీ సొంతమై, మీరు అందులోనే కాపురం ఉండాలి. టెక్సాస్ లైసెన్సు మీద అదే అడ్రసు ఉండాలి. ఫారం 50-114 నింపి కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్టుకు (పన్ను కోసం ఇళ్ళ విలువ కట్టే సంస్థ) పంపాలి, పైసా ఖర్చు లేదు. ఇల్లు కొన్నాక "మీ హోమ్‌స్టెడ్ మేం ఫైల్ చేస్తాం, ఇంత కట్టండి" అని ప్రభుత్వ కాగితంలా కనిపించే ఉత్తరాలు వస్తాయి. చింపి పారేయండి. అమ్మానాన్నలు మీతో ఉంటే 65 ఏళ్ళ మినహాయింపు వస్తుందా అని అడిగేవాళ్ళు ఎక్కువ. ఇంటి పత్రంలో వాళ్ళ పేరు లేకపోతే రాదు. దాని కోసమని లాయరును అడక్కుండా పత్రంలో పేర్లు కలపొద్దు. లోను, గిఫ్ట్ ట్యాక్స్ రెండూ చూసుకోవాలి.

ఇప్పుడు అసలు లైను. మీ ఈమెయిల్లో "ఫలానా కౌంటీ మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ నంబరు ఇంత ఏర్పాటు" అని ఉండే బిల్లు. ఎంయూడీ అని రాస్తారు, నోటితో మడ్ అంటారు. ఊరి పొలిమేర బయట, సిటీ నీళ్ళూ డ్రైనేజీ రాని చోట డెవలపరు వందల ఎకరాలు కొంటాడు. పైపులు, మురుగు లైన్లు, కొన్నిచోట్ల రోడ్లు, అన్నింటికీ మొదట తన డబ్బు పెడతాడు. ఆ తర్వాత మడ్ అనే ఒక చిన్న ప్రభుత్వం బాండ్లు అమ్మి ఆ డబ్బు అతనికి తిరిగి ఇస్తుంది. బాండ్ల అప్పు తీర్చేది అక్కడ ఇళ్ళు కొన్నవాళ్ళు, ప్రాపర్టీ ట్యాక్స్ రూపంలో. ఇందులో మోసం ఏమీ లేదు. పైపులు ఊరికే రావు. కాకపోతే ఆ ఖర్చు ఇంటి ధరలో కనిపించదు, ట్యాక్స్ బిల్లులో కనిపిస్తుంది.

ఈ డిస్ట్రిక్టును రాష్ట్ర పర్యావరణ కమిషన్ టీసీఈక్యూ అయినా ఏర్పాటు చేయొచ్చు, శాసనసభ బిల్లు ద్వారా అయినా రావచ్చు. బిల్లు అయితే కావాల్సిన అధికారాలన్నీ అందులోనే రాసుకోవచ్చు. టెక్సాస్ రాజ్యాంగం మామూలుగా ఒక్క చోటికే వర్తించే చట్టాలను నిషేధిస్తుంది, నీటి డిస్ట్రిక్టుల లాంటి కొన్నింటికి దారి వదిలింది. బిల్లు పెట్టడానికి కనీసం 30 రోజుల ముందు ఆ ప్రాంతపు పత్రికలో నోటీసు వేయాలి. వేస్తారు కూడా. పొలం తప్ప మనుషులు లేని చోట ఆ నోటీసు చదివేది ఎవరన్నది వేరే సంగతి. మామూలు బిల్లులు సెషన్ మొదటి 60 రోజుల్లోపే పెట్టాలి. స్థానిక బిల్లులకు ఆ గడువు లేదు. హౌస్‌లో ఇవి వెళ్ళే క్యాలెండరు కూడా వేరు, లోకల్ అండ్ కన్సెంట్ క్యాలెండర్ అంటారు. ఐదుగురు సభ్యులు అభ్యంతరం చెప్తేనో, చర్చ పది నిమిషాలు దాటితేనో బిల్లు ఆ క్యాలెండర్లోంచి పోతుంది. అందుకని ఎవరూ మాట్లాడరు. పేరు చదువుతారు, ఓటేస్తారు, తర్వాతిది. రైతుబజారులో కొత్తిమీర కట్టలు లెక్కపెట్టినంత వేగంగా నడుస్తుంది.

బిల్లు పాఠం తెరిస్తే సగం సర్వే కొలతలే. ఫలానా ఇనుప కడ్డీ నుంచి ఉత్తరానికి ఇన్ని అడుగులు అంటూ పోతుంది. అది దాటండి. పేరు కిందనే ఉండే రెండు ముక్కలు చూడండి: బాండ్లు జారీ చేసే అధికారం, పన్నులు, ఫీజులు వేసే అధికారం. కొన్నింటిలో భూమిని బలవంతంగా సేకరించే పరిమిత అధికారం కూడా ఉంటుంది. దానికి మాత్రం రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు రావాలి. మొదటి డైరెక్టర్లను ఎవరు నియమిస్తారో కూడా రాసి ఉంటుంది. చాలా బిల్లుల్లో భూమి యజమానులు పేర్లు ఇస్తే టీసీఈక్యూ నియమిస్తుంది. తర్వాత ఆ డిస్ట్రిక్టును ఖాయం చేయడానికి, బాండ్లకు అనుమతి ఇవ్వడానికి ఎన్నిక జరగాలి. అప్పటికి అక్కడ ఉండే ఓటర్లు ఎందరు? ఆ స్థలంలో ట్రైలరు వేసుకుని ఉంటున్న ఇద్దరో ముగ్గురో. మీరు కొనేనాటికి కోట్ల డాలర్ల బాండ్లకు అనుమతి ఎప్పుడో అయిపోయి ఉంటుంది. చట్టప్రకారం అంతా సరిగ్గానే జరిగినట్టు. నాకు ఈ పద్ధతి నచ్చదు. కానీ బోర్డులో కూర్చున్నాక తెలిసింది, దీన్ని తిట్టుకోవడం కంటే ముందే లెక్క వేసుకోవడం మంచిదని.

లెక్క ఇదీ. మడ్ రేటు 100 డాలర్లకు 80 సెంట్లు అనుకోండి, కొత్త డిస్ట్రిక్టుల్లో ఇది మామూలే. 6 లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి 4,800. పైన స్కూలు పన్నులో అదనంగా మిగిలింది 400. ఈమెయిల్లో ఆ 400కు ఫొటోతో సహా ఒక పేజీ, ఈ 4,800కు ఒక లైను. రెప్ గారు దాచారని కాదు. ఆయన దృష్టిలో అది డెవలపర్లు, కౌంటీ అడిగితే చేసిపెట్టిన రొటీన్ పని, అంతే.

ఇంకో దెబ్బ రెండో ఏడాది తగులుతుంది. జనవరి 1 నాటికి ఉన్న విలువ మీదే పన్ను వేస్తారు. ఇల్లు ఇంకా కట్టని స్థలానికి మొదటి బిల్లు తక్కువగా వస్తుంది, ఎస్క్రో (పన్ను కట్టడానికి లెండరు నెల వాయిదాతో కలిపి తీసుకుని పక్కన పెట్టే డబ్బు) కూడా కొన్నిసార్లు దాని మీదే లెక్కేస్తారు. తర్వాతి ఏడాది పూర్తి ఇంటి విలువకు బిల్లు వస్తుంది. ఎస్క్రో లోటు పూడ్చాలి, నెల వాయిదా వందల డాలర్లు పెరుగుతుంది. "మా బ్యాంకు మోసం చేసింది" అని మా బోర్డు మీటింగుకు వచ్చినవాళ్ళలో చాలామందిది ఇదే కథ. క్లోజింగ్‌కు (ఇల్లు మీ పేరు మీదికి మారే రోజు) ముందే పూర్తి ఇంటి విలువ మీద ఎస్క్రో కట్టించుకోమని లెండర్‌ను అడగండి. వాళ్ళు ఒప్పుకోకపోతే ఆ తేడా మీరే పక్కన పెట్టుకోండి.

సేల్స్ ఆఫీసులో ఒక మాట చెప్తారు: "కొన్నేళ్ళలో సిటీ కలుపుకుంటుంది, మడ్ ట్యాక్స్ పోతుంది." 2019లో వచ్చిన చట్టం తర్వాత సిటీలు బలవంతంగా కలుపుకోవడం దాదాపు ఆగిపోయింది. ఆ మాట నమ్ముకుని లోను తీసుకోకండి. ఇళ్ళు నిండేకొద్దీ రేటు తగ్గడం మాత్రం నిజంగా జరుగుతుంది, అప్పు ఎక్కువ ఇళ్ళ మీద పంచబడుతుంది కాబట్టి. అయితే మరో విడత బాండ్లు అమ్మితే ఆ తగ్గుదల ఆగుతుంది.

కాబట్టి మీరు చేయాల్సింది, మీ కాంట్రాక్టు కాగితాల్లో మడ్ నోటీసు వెతకడం. మడ్‌లో ఇల్లు అమ్మేవాళ్ళు కాంట్రాక్టుకు ముందే రేటు, బాండ్ల మొత్తం రాసిన నోటీసు ఇవ్వాలని వాటర్ కోడ్ చెప్తుంది. బిల్డరు పంపిన ఈ-సైన్ కట్టలో ఎక్కడో మధ్యలో మీరు సంతకం పెట్టేసే ఉంటారు. అందులో రెండు అంకెలు చూడండి: ఇప్పటిదాకా అమ్మిన బాండ్లు ఎంత, అమ్మడానికి అనుమతి ఉన్నవి ఎంత. రెండింటికీ తేడా ఎంత ఎక్కువ ఉంటే మీ రేటు అంత నెమ్మదిగా తగ్గుతుంది. బోర్డు మీటింగులు అందరికీ తెరిచే ఉంటాయి, మాట్లాడటానికి సిటిజన్ అయి ఉండక్కర్లేదు. చాలా బోర్డులు ఊరవతల లాయరు ఆఫీసులో మధ్యాహ్నం పూట కూర్చుంటాయి, అదొక్కటే ఇబ్బంది.

ఇక సాయం కార్యక్రమాలు. కరెంటు, గ్యాస్ బిల్లులకు సాయం చేసే సీఈఏపీ డబ్బు ఫెడరల్ ప్రభుత్వానిది. రాష్ట్ర హౌసింగ్ శాఖ ద్వారా ప్రతి కౌంటీలో ఒక స్థానిక సంస్థకు వెళ్తుంది. రెప్ ఆఫీసు దరఖాస్తు తీసుకోదు, ఎక్కడికి వెళ్ళాలో చెప్తుంది. ఆదాయం ఫెడరల్ పేదరిక రేఖకు 150 శాతం లోపు ఉండాలి. 2-1-1కు ఫోన్ చేస్తే మీ జిప్ కోడ్‌లో ఏమేం ఉన్నాయో చెప్తారు. ఉద్యోగం పోయిన ఇంట్లో ఈ నంబరు తెలియడం మంచిది. సిటిజన్ పిల్లలకు ఆదాయాన్ని బట్టి చిప్ హెల్త్ కవరేజీ రావచ్చు, తల్లిదండ్రులు ఏ వీసాలో ఉన్నారన్నది ఆ పిల్లల అర్హతకు అడ్డం కాదు. కానీ ఫుడ్ స్టాంపుల లాంటి ఫెడరల్ పథకాలు హెచ్‌1బి వాళ్ళకు వర్తించవు. గ్రీన్ కార్డు వచ్చిన పెద్దవాళ్ళకు కూడా మామూలుగా ఐదేళ్ళు ఆగాలి. పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారని గ్రీన్ కార్డు ఆపే నిబంధన) టెన్షన్ ఉన్నవాళ్ళు దరఖాస్తుకు ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుతో ఒకసారి మాట్లాడండి. హోమ్‌స్టెడ్ పన్ను మినహాయింపు మాత్రమే, దాన్ని ఈ గుంపులో కలిపి భయపడకండి. ఫుడ్ బ్యాంకు అవసరమైతే మొహమాటపడొద్దు. ప్లేనోలో ఉన్న నార్త్ టెక్సాస్ ఫుడ్ బ్యాంకుకు మన ఏరియా అంతా భాగస్వామ్య కేంద్రాలున్నాయి.

ఈమెయిల్లో చిన్నగా ఉండే ఇంకో లింకు, అన్‌క్లెయిమ్డ్ ప్రాపర్టీ. పాత అపార్ట్‌మెంటు డిపాజిట్టు, మర్చిపోయిన చివరి జీతం చెక్కు, కరెంటు కంపెనీ రిఫండు, మీ అడ్రసు దొరక్క రాష్ట్ర ఖజానా చూసే కంప్ట్రోలర్ దగ్గర పడి ఉంటాయి. క్లెయిమ్ ఇట్ టెక్సాస్ అనే వాళ్ళ సైట్‌లో పేరు కొట్టి చూడండి. మన పేర్లను ఇంటిపేరు ముందూ వెనకా, స్పెల్లింగు మార్చి కూడా కొట్టాలి.

చివరిగా మీకు వచ్చే సందేహం: ఓటు లేకుండా ఫోన్ చేస్తే పలుకుతారా? పలుకుతారు. నియోజకవర్గాలను విభజించేది ఓటర్లను బట్టి కాదు, జనాభాను బట్టి. 2020 లెక్కల ప్రకారం ఒక్కో హౌస్ సభ్యుడి కింద సుమారు 1,94,000 మంది, అందులో మీరూ ఉన్నారు. అడ్రసు అడుగుతారు, ఏ పార్టీ అని అడగరు. ఏ పనికి ఫోన్ చేయాలన్నదే ముఖ్యం. రాష్ట్ర శాఖల్లో ఆగిపోయిన పని అయితే వాళ్ళు నిజంగా కదిలిస్తారు. డీపీఎస్‌లో (డ్రైవింగ్ లైసెన్సులు ఇచ్చే రాష్ట్ర శాఖ) లైసెన్సు రెన్యువల్ వీసా వెరిఫికేషన్ దగ్గర ఆగిపోవడం మనవాళ్ళకు బాగా తెలిసిన తలనొప్పి. రెప్ ఆఫీసులు శాఖతో నేరుగా మాట్లాడగలవు. మీ తరఫున మాట్లాడటానికి అనుమతి పత్రం ఒకటి సంతకం చేయించుకుంటారు. ఐ-797 (హెచ్‌1బి ఆమోద పత్రం), పాస్‌పోర్టు, డీపీఎస్ ఇచ్చిన రసీదు దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి, కథ రెండు వాక్యాల్లో చెప్పండి. గ్రీన్ కార్డు, వీసా స్టాంపింగు, యూఎస్‌సీఐఎస్ (ఫెడరల్ ఇమ్మిగ్రేషన్ శాఖ) ఆలస్యం లాంటివి వాళ్ళ చేతిలో లేవు. వాటికి మీ యూఎస్ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసు. ఇంటి వాల్యుయేషన్ ఎక్కువ వేశారన్నదానికీ రెప్ ఏమీ చేయలేరు. మామూలుగా మే 15 లోపు అప్రైజల్ డిస్ట్రిక్టులో మీరే ప్రొటెస్ట్ వేసుకోవాలి.

ఒక జాగ్రత్త. ఒకసారి ఈవెంటుకు పేరు ఇస్తే క్యాంపెయిన్ ఈమెయిళ్ళు కూడా మొదలవుతాయి, విందుకు రమ్మంటారు, టికెట్ ఇంత అంటారు. ఆ టికెట్ డబ్బు ఎన్నికల విరాళమే. హెచ్‌1బి, హెచ్‌4, ఎఫ్‌1 మీద ఉన్నవాళ్ళు ఏ ఎన్నికకూ, స్థానిక ఎన్నికకైనా సరే, విరాళం ఇవ్వడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. గ్రీన్ కార్డు ఉంటే ఇవ్వొచ్చు. "మన కమ్యూనిటీ తరఫున అందరూ తలా వంద వేయండి" అని వాట్సాప్ గ్రూపులో అడిగినా మీరు వేయకండి.

తర్వాతి సెషన్ 2027 జనవరి 12న మొదలవుతుంది. 2026 నవంబరు ఎన్నికలు కాగానే బిల్లులు పెట్టడం మొదలెడతారు. మీ ఇంటి పక్క ఖాళీ పొలానికి కొత్త మడ్ బిల్లు వస్తే దాని రోడ్లు, డ్రైనేజీ మీ వైపే కలుస్తాయి. టెక్సాస్ లెజిస్లేచర్ ఆన్‌లైన్‌లో ఉచిత అకౌంటు తెరిచి సెలీనా ఉన్న కాలిన్ కౌంటీ పేరుతో అలర్టు పెట్టుకోండి. కమిటీ హియరింగుకు వెళ్ళి మాట్లాడొచ్చు, హౌస్ సైట్‌లో రాతపూర్వకంగా కూడా అభిప్రాయం పంపొచ్చు. అది అందరికీ కనిపించే రికార్డు అవుతుందని గుర్తుపెట్టుకుని రాయండి. మీ కాంట్రాక్టులో ఉన్న మడ్ నంబరు ఇక్కడ రాస్తే, ఆ నోటీసులో అంకెలు ఎలా చదవాలో విడిగా చెప్తాను.